షవల్ ఆపరేటరుగారి గోళ్ళరంగు

మందుల కిటికీ వెనక కొత్తగా నిలబడుతున్న పిల్లలు ఎవరు కలిసినా నన్ను ముందుగా అడిగేది ఒకటే. "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని. బస్తరులో ముప్ఫై ఏళ్ళ పైన చేసిన మనిషి కదా, మెదడుకెక్కిన మలేరియా గురించో పాముకాటు గురించో చెబుతుందని సర్దుకుని కూర్చుంటారు. అవీ చూశాను. కానీ వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు గుర్తొచ్చి, గరిటె కింద పెట్టి మరీ నవ్వుకునే కేసు మాత్రం ఒక కాలి బొటనవేలి గోరు. అందులో తప్పు నాది. అందుకే మీకు చెప్పాలనిపిస్తుంది. పెద్దవాళ్ళు తాము చేసిన మంచి పనులే చెబుతుంటే పిల్లలు నేర్చుకునేదేముంది?

బైలడిల్లా కొండల కింద ఒక కాలనీ డిస్పెన్సరీలో నా మొదటి ఉద్యోగం. బచేలికి దగ్గరే. ఊరి పేరెందుకులెండి. బొబ్బిలి దగ్గర మా పల్లె నుంచి వచ్చి కిరండూల్ పాసింజరెక్కి, దారిలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో నిద్రపోయి లెక్క తప్పి, అమ్మకి ఉత్తరంలో రాయడానికి లేకుండా పోయిందని బాధపడుతూ దిగిన పిల్లని. హిందీలో "హా", "నహీ" తప్ప ఇంకేం రావు. అవి కూడా ఒకదాని బదులు ఒకటి అనేదాన్ని.

డిస్పెన్సరీలో ముఖ్యులం ముగ్గురం. డాక్టరుగారు బిలాస్‌పూర్ వైపు ఆయన. తెలుగు మా ఉత్తరాంధ్ర రోగుల దగ్గరే నేర్చుకున్నారు. కాబట్టి తిట్టడమంతా తెలుగులో, మెచ్చుకోవడమంతా హిందీలో జరిగేది. హెడ్ కాంపౌండరుగారు కుంట దగ్గర మరైగూడ మనిషి. తెలుగు, హిందీ, గోండి, దోర్లీ నాలుగూ ఒక్క ఊపిరిలో మాట్లాడేవారు. నాలుగు భాషల్లోనూ నవ్వడం మాత్రం రాదని కాలనీలో చెప్పుకునేవారు. సీసా మీద చీటీ వంకరగా అంటిస్తే పీకి మళ్ళీ అంటించమనేవారు. మూడోది నేను.

వానాకాలం వచ్చిందంటే ఆ కొండ మీద మూడు నాలుగు నెలలు ఎండ కనబడదు. మబ్బు కొండెక్కి గనిలోనే కూర్చుంటుంది. ఎర్రటి ఇనుపరాతి బురద, మోకాళ్ళదాకా బూట్లు, ఎప్పుడూ ఆరని మేజోళ్ళు. మేజోళ్ళని కొందరు రాయి మోసే డంపరు లారీ ఇంజను మీద ఆరేసుకునేవారు. అటువంటి కాళ్ళకి గోళ్ళలో బూజు పట్టడంలో వింతేముంది? గోరు పసుపుపచ్చగా మారి, మందమై, అంచున సుద్దలా పొడిపొడి అవుతుంది. ప్రాణానికేం కాదు. అందుకే ఎవరూ చూపించుకోరు. బూటులో దాచేస్తారు.

దాచలేకపోయిన మనిషి ఒకాయన వచ్చారు. షవల్ ఆపరేటరు. షవల్ అంటే మట్టి తీసే పార కాదు, ఇల్లంత యంత్రం. ఒక్కసారి ముంచితే ఇనుపరాయి ఎంత ఎత్తుతుందో చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆయన చేతిలో ఆ యంత్రం పాలగిన్నె వంచినట్టు వంగేదని డంపరు డ్రైవర్లు చెప్పేవారు. మనిషి ఆరడుగులు, పాలకొండ వైపు ఊరు, పెదవి పూర్తిగా కనబడనివ్వని మీసం. ఆయన క్యాంటీన్లోకి వస్తే కుర్ర డ్రైవర్లు బెంచీ మీద కాళ్ళు దించేసేవారు.

అటువంటాయన ఆ రోజు డాక్టరుగారి ముందు బూటు విప్పి, మొహం పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. కుడికాలి బొటనవేలి గోరు ముందు సగం మందంగా, పచ్చగా లేచి ఉంది. ఇనుప ముక్కు ఉన్న గని బూటు అందులో దిగబడి నొప్పి. రెండు నెలలుగా పాత బూటు ముక్కు కోసేసి, కనబడకుండా మసి పూసి తొడుక్కుని తిరుగుతున్నారట. సేఫ్టీ ఆఫీసరు పట్టుకున్నాడు. వచ్చే ఏడాది ఆరోగ్య పరీక్షకి బోర్డు డాక్టర్లు వస్తారు, అప్పటికి సరైన బూటు తొడుక్కుని నడవలేకపోతే షవల్ దించి హాజరు రాసే టైమాఫీసులో కూర్చోబెడతామని కాగితం ఇచ్చి పంపాడు. అందాకా ఒక సైజు పెద్ద బూటుకి డాక్టరుగారు చీటీ రాయాలి.

గోరు పొడి తీసి పరీక్షకి పంపితే ఫంగస్ అనే వచ్చింది.

"వేరు దాకా పోలేదు, బతికిపోయావ్," అన్నారు డాక్టరుగారు. "మాత్రలు మింగితే జల్దీ తగ్గుద్ది. కానీ మొన్ననే కామెర్లొచ్చిన లివరు నీది. వద్దు. పైపూత ఇస్తా. వారానికోసారి రాయి. ఏడాది పడద్ది."

"ఏడాదా సార్!"

"గోరు పెరిగే స్పీడు అంతే. నీ షవల్ తెచ్చి తవ్వినా తొందరగా రాదు."

ఆయన చీటీ పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చారు. నేను మందు తీసి కౌంటరు మీద పెట్టాను. చిటికెన వేలంత గాజుసీసా. మూత తిప్పితే లోపల చిన్న కుంచె. అటువంటి మందు మా డిస్పెన్సరీకి రావడం అదే మొదలు. ఆపరేటరుగారు దానివంక చూశారు. నావంక చూశారు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు.

"ఏటిది?"

"మందండి. గోరు మీద పల్చగా పూసి ఆరనివ్వాలి."

"ఇది గోళ్ళరంగు కాదేటి?"

"అలాగే ఉంటుందండీ, కానీ మందు. ముందు ఆకురాయితో గోరు పైపొర మెల్లగా అరగదీయాలి. తర్వాత స్పిరిటు దూదితో తుడవాలి. తర్వాత..."

"ఏ నెంబరు ఆకురాయి?"

నాకర్థం కాలేదు. ఆకురాయి అంటే నాకు డబ్బాలో మందుతో పాటు వచ్చిన అట్టముక్కలాంటిది. అది చూపించేలోపే ఆయన "తెలిసింది, తెలిసింది" అని ఎవరో వస్తున్న అలికిడికి సీసా కౌంటరు మీదే వదిలి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న ఒక గోనెసంచితో వచ్చి, అందులోంచి మూరెడు పొడవున్న ఇనుప ఆకురాయి తీసి కౌంటరు మీద పెట్టారు. టంగుమంది.

"వర్క్‌షాపులో అడిగి తెచ్చినాను సెల్లమ్మా. ఇది సరిపోద్దా, ఇంకా గరుకుది తేవాలా?"

నేను నవ్వాపుకోవడానికి కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను. ఆ అదను చూసి ఆయన కూడా కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి అసలు సంగతి అడిగారు.

"సెల్లమ్మా, మనది ఒకే వైపు. నా పరువు నీ సేతిలో ఉంది. ఆ సీసా మీద కాయితం పీకీసి ఇచ్చీ."

"ఎందుకండీ?"

"దానిమీద ఇంగ్లీషులో నెయిలు అని రాసున్నాది. మా డంపరు గుంటలికి ఇంగ్లీషు రాదు గానీ ఆ ముక్క ఒకటొచ్చు. నాను గోళ్ళరంగేసుకుంటన్నానని తెలిస్తే కొండ మీద నా మాటెవుడింటాడు?"

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. మందు సీసా మీద చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. ఇది మన పనిలో మొదటి పాఠం. నాకూ తెలుసు. కానీ ఇంటికి అంత దూరంలో, మా యాసలో "సెల్లమ్మా" అని పిలిచిన మొదటి మనిషి ఆయన. హెడ్ కాంపౌండరుగారు టిఫినుకి వెళ్ళారు. నేను దూది తడిపి, బొటనవేలితో రుద్ది, చీటీని శుభ్రంగా ఊడదీశాను. జిగురు మరక కూడా లేకుండా. ఇంత నీటుగా చేశానని ముచ్చట కూడా పడ్డాను.

నెల గడిచింది. ఆపరేటరుగారు గోరు చూపించారు. మార్పు లేదు. రెండో నెలా లేదు. మూడో నెలకి డాక్టరుగారు తెలుగులోకి దిగారు.

"నిజం చెప్పెహె. రాస్తున్నావా లేదా?"

"ఒట్టు సార్. ఆదోరం ఆదోరం. సర్చికెళ్ళినంత నిష్ఠగా రాస్తన్నాను."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. డాక్టరుగారు బుర్ర గోక్కున్నారు. కాంపౌండరుగారు మిగిలిన సీసాల మీద గడువు తేదీలు చూసి, అటక మీద వేడి తగిలిందేమోనని అలమార మార్చారు. చివరికి డాక్టరుగారు, "ఇంకో నెల చూద్దాం. లేదంటే గోరే తీసేయాలి," అన్నారు. ఆ మాటకి ఆపరేటరుగారి మీసం కిందికి జారిపోయింది. గోరు తీస్తే ఎన్ని వారాలు షవల్ ఎక్కకూడదో, ఎక్కనిస్తారో లేదో. వెళుతూ నా కిటికీ దగ్గర ఆగి, "టైమాఫీసులో కుర్సీలు కూడా సిన్నవి సెల్లమ్మా," అని మాత్రం అన్నారు.

క్రిస్మస్‌కి రెండు వారాల ముందు బచేలి బజారుకు వెళ్ళాను. ఒక మలుపు తిరిగేసరికి గాజులకొట్టు ముందు జనం. మధ్యలో ఆపరేటరుగారి భార్య. చర్చిలో పాటల గుంపుకి ఆవిడే ముందు నిలబడి పాడేది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. రెండు చేతుల పది గోళ్ళూ కొట్టాయన ముక్కు దగ్గర పెట్టి దులుపుతోంది.

"సూడు! నువ్వే సూడు! మెరుపున్నాదా? ఎర్రరంగు మీద నీ నీళ్ళలాటి మెరుపురంగు పూస్తే అద్దంలా ఉంటాదన్నావు. సున్నం గోడలా ఉన్నాది! మూడు నెల్ల నుంచి పూస్తన్నాను!"

కొట్టాయన రాజస్థాన్ వైపు మనిషి. చేతులు జోడిస్తున్నాడు. "బెహన్‌జీ, యే మేరా మాల్ నహీ హై. మేరా మాల్ నహీ హై!"

"నీ మాల్ కాపోతే ఎవుడి మాలు? నా మొగుడు తెచ్చి పెట్టేడా?"

నేను గుంపులోంచి తొంగిచూశాను. ఆవిడ నన్ను చూసి పట్టుకుంది.

"పిల్లా, నువ్వు మందుల్లో పన్జేస్తావు కదా, ఇది వాసన సూసి సెప్పు. దీన్లో ఏటి కలిపేడో!"

నా చేతిలో సీసా పెట్టింది. చిటికెన వేలంత సీసా. చీటీ లేదు. జిగురు మరక కూడా లేదు. ఇంత నీటుగా చీటీ ఊడదీసే మనిషి బస్తరు మొత్తం మీద ఒక్కతే ఉందని నాకు తెలుసు. అయినా మూత తీసి వాసన చూశాను. ముక్కు సాక్ష్యం చెప్పేసింది.

ఒళ్ళు చల్లబడింది. వెంటనే కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఎలా ఉంటుందో అనుభవించాలి గానీ చెప్పలేను. దగ్గు నటించాను. జనం నా తీర్పు కోసం చూస్తున్నారు. ఊరుకుంటే కొట్టాయనకి చెడ్డపేరు. నోరు విప్పితే ఆపరేటరుగారి పరువు బజారుపాలు.

"వదినా," అన్నాను, "ఈయన చెప్పింది నిజమే. ఇది ఈయన సరుకు కాదు."

"మరెవురిదే?"

"నాది."

గుంపులో ఎవరో "ఓహో" అన్నారు. ఇంకేం మాట్లాడకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని, కొట్టాయనకి ఇద్దరి తరఫునా నేనే క్షమాపణ చెప్పి, చింతపండు అమ్మేవాళ్ళ వెనక్కి లాక్కుపోయాను. అక్కడ మొత్తం చెప్పాను. గోరు, మందు, చీటీ. ఆవిడ నోరు తెరుచుకుని విని, తన పది వేళ్ళవంక చూసుకుంది.

"అంటే మూడు నెల్ల నుంచీ నా సేతులికి ఆయన బూజుమందు... ఆయన కాలికి నా మెరుపురంగు?"

"అవును వదినా."

"ఓలమ్మో!" అని ఆవిడ చింతపండు బుట్టల మధ్య నేలమీద కూలబడింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ పక్కనే కూలబడ్డాను. అమ్మేవాళ్ళకి మా మాట అర్థం కాకపోయినా వాళ్ళూ నవ్వడం మొదలెట్టారు. కాసేపటికి ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. నవ్వు ఆగింది.

"మందని నాతో సెప్పలేదు సూడు," అంది మెల్లగా. "నొప్పని కూడా సెప్పలేదు. పెద్ద బూటెందుకంటే కొత్త పేసన్ అన్నాడు. నాకాడ కూడా దాచాలా?"

నేను సీసా మూత బిగించి లేచాను.

ఆ సాయంత్రమే వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాం. ఆపరేటరుగారు నిజం ఒప్పుకున్నారు. సీసా ఎక్కడ దాచాలో తోచక, భార్య గోళ్ళరంగుల రేకుడబ్బాలోనే పెట్టారట. అక్కడ ఇంకో సీసా అచ్చం అలాంటిదే ఉంది. దాని కాగితం వాడివాడి ఎప్పుడో ఊడిపోయింది.

"గోళ్ళరంగుని గోళ్ళరంగుల్లో దాస్తే ఎవుడు పడతాడనుకున్నాను," అన్నారు నేల చూస్తూ.

"నువ్వే పడ్డావు," అంది భార్య. తర్వాత ఆయన పక్కన కూర్చుని, "ఏదీ, కాలు సూపించు," అంది. ఆయన కాలు చాపారు. మూడు నెలల మెరుపురంగు పూసిన ఆ పాడు గోరు దీపం వెలుతురులో అద్దంలా తళతళలాడుతోంది. ఆవిడ మళ్ళీ నవ్వడం మొదలెట్టింది. ఈసారి ఆయన మీసం కూడా కదిలింది.

మర్నాడు నేను డ్యూటీ మొదలవకముందే డాక్టరుగారి గదిలోకి వెళ్ళి చీటీ ఊడదీసిన సంగతి చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. హెడ్ కాంపౌండరుగారు అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన మొహం చూసే ధైర్యం లేదు.

"ఏంది అమ్మాయ్," అన్నారాయన, "పేరు లేని సీసా ఇంట్లకి పోతే ఏమైతదో ఎరుకేనా? పసిపిల్ల తాగొచ్చు. కంట్లో పోసుకోవచ్చు. నీ పుణ్యం బాగుండి..."

అక్కడ ఆగిపోయారు. నేను తలెత్తాను. ఆయన పెదవులు బిగబట్టుకుని ఉన్నారు. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"నీ పుణ్యం బాగుండి... గోళ్ళకే పూసుకున్నరు..." అని, ఇక ఆగలేక గోడవైపు తిరిగిపోయారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టరుగారు బల్ల మీద తల పెట్టేశారు. నాలుగు భాషల్లోనూ నవ్వని మనిషి నవ్వడం అప్పుడే చూశాను. గుర్రం సకిలించినట్టుంటుంది.

నవ్వు అయ్యాక డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని శిక్ష వేశారు. రాతపూర్వకంగా ఒక హెచ్చరిక. దాంతోపాటు, గోరు నయమయ్యే దాకా ప్రతి ఆదివారం నేనే వెళ్ళి చూసుకోవాలి. హెచ్చరిక కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. న్యాయంగా రాశారు.

ఆ ఆదివారాలు నా ఉద్యోగంలో వచ్చిన మంచి రోజుల్లో కొన్ని. చర్చి నుంచి వచ్చాక ఆవిడ ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని, అట్ట ఆకురాయితో మెల్లగా పైపొర గీసేది. పాత పూత స్పిరిటు దూదితో తుడిచేది. పల్చగా ఒక్క పూత. "ఆరిందేటి?" అని ఆయన అడగడం, "కదిల్తే తంతాను" అని ఆవిడ అనడం. గీసిన ఆకురాయి మంచి గోళ్ళకి వాడకూడదని, మందు మీద రంగు వేయకూడదని నేను చెప్పినవి ఆవిడ పాటల గుంపుకి నేర్పినట్టు ఆయనచేత వల్లె వేయించేది. సీసా మీద కాంపౌండరుగారు తన చేత్తో రాసిన చీటీ, తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి. రెండూ వంకర లేకుండా.

మాఘం నాటికి పచ్చదనం మొదలయ్యే చోట సన్నగా కొత్త గులాబీరంగు గీత కనబడింది. వెంట్రుకంత. ముగ్గురం దానిమీదకి వంగి తలలు గుద్దుకున్నాం. ఎండాకాలానికి పాడైన భాగంలో పావు, వానలు మొదలయ్యేసరికి సగానికి పైన బాగుపడింది. బోర్డు డాక్టర్లు వచ్చే నాటికి చివర అంచున మాత్రమే పచ్చగా మిగిలింది. సరైన సైజు బూటు తొడుక్కుని నడుస్తున్నారు, నొప్పి లేదు. అయినా ఆయనకి భయం. ఆవిడకి అంతకన్నా భయం.

ఆ రోజు మధ్యాహ్నం వరండాలో రెండు వరసల బెంచీలు. షవల్ వాళ్ళు, డంపరు వాళ్ళు, డ్రిల్లు వాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. లోపల బోర్డు డాక్టర్లిద్దరు, మా డాక్టరుగారు. ఫైళ్ళు అందించడం నా పని. గదికీ వరండాకీ మధ్య సగం తలుపు, దానికొక పల్చటి తెర. ఆపరేటరుగారు రాత్రి షిఫ్టు చేసొచ్చి, మధ్యాహ్నం దాకా పడుకుని, ఆలస్యమైపోతోందని గబగబా మేజోళ్ళు లాక్కుని వచ్చారు.

కళ్ళు చూశారు, చెవులు చూశారు, గుండె విన్నారు. బోర్డు పెద్దాయన నెరిసిన జుట్టు, చాలా మర్యాదస్థుడు. ఫైలులో సేఫ్టీ ఆఫీసరు కాగితం చదివి, "జూతే ఉతారియే," అన్నారు. ఆపరేటరుగారు బూట్లు విప్పి, మేజోళ్ళు లాగి, ఛాతీ విరుచుకుని నిలబడ్డారు.

పెద్దాయన టార్చి వేయబోయి ఆగిపోయారు.

పది గోళ్ళు. పదింటికీ రంగు. మామూలు రంగు కాదు, పెళ్ళిపందిరి కాగితపు పూలకి వేసే గులాబీరంగు.

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "యే... క్యా హై?"

ఆపరేటరుగారు కిందికి చూసుకున్నారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తన కాళ్ళేనా అని ఒక కాలు ఎత్తి చూసుకున్నారు. "ఓరి దేవుడా," అన్నారు. "నా పెళ్ళాం!"

తర్వాత తెలిసింది. చివర మిగిలిన ఆ కాస్త పచ్చదనం డాక్టర్ల కంట పడకూడదని ఆ రంగు మామూలు గోరులాగే కనబడుతుందనుకుని ఆవిడ కొన్నదట. ఆయన నిద్రలో ఉండగా పూసింది. ఒక్క వేలికి పూస్తే అనుమానమొస్తుందని పదింటికీ పూసింది. తెలివైన మనిషి.

అదే క్షణంలో గాలికి తెర లేచింది. మొదటి బెంచీలో కూర్చున్న కుర్ర డంపరు డ్రైవరొకడు చూశాడు. వాడి నవ్వు ముందు ఈలలా మొదలై, బెంచీ వెంట పాకి, రెండో బెంచీ ఎక్కి, వరండా చివర సైకిళ్ళ దాకా పోయింది. మా డాక్టరుగారు నావైపు చూశారు. నేను అప్పటికే స్పిరిటు సీసా తీసి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ బొటనవేలు తుడుస్తున్నాను. దూదిముక్క వెనక దూదిముక్క గులాబీ అవుతోంది. చివరికి కింద గోరు బయటపడింది. నున్నగా, పల్చగా, అప్పుడే పుట్టినట్టు. అంచున బియ్యపుగింజంత పచ్చదనం.

పెద్దాయన టార్చి వేసి చూశారు. వేలితో నొక్కారు. నొప్పి లేదన్నారు. బూట్లు తొడిగి నడవమన్నారు, స్టూలెక్కి దిగమన్నారు. ఎక్కి దిగారు. పాత రిపోర్టూ, గోరూ మార్చి మార్చి చూసి, "ఇత్నా సబర్!" అన్నారు. ఇంత ఓపికా అని. ఫైలు మీద "ఫిట్" అని రాసి సంతకం పెట్టారు.

ఆపరేటరుగారు బయటికి వెళ్ళలేక గుమ్మం దగ్గర ఆగిపోయారు. వరండాలో నవ్వు ఇంకా తగ్గలేదు. ఆయన వెనుతిరిగి నావంక చూశారు, ఒక ఏడాది కిందట కిటికీలోకి వంగినప్పటి మొహంతో. అంతలో ఏమనుకున్నారో ఏమో, వంగి బూట్లు మళ్ళీ విప్పేశారు. మేజోళ్ళూ లాగేశారు. ఒక వేలు తెల్లగా, తొమ్మిది వేళ్ళు గులాబీగా, వట్టి కాళ్ళతో తెర తోసుకుని వెళ్ళి బెంచీల మధ్య నిలబడ్డారు.

"నవ్వండి. బాగా నవ్వండి," అన్నారు. గొంతు పెంచలేదు. "అయిపోయిందా? ఇప్పుడు ఎవుడి బూట్లు ఆడు ఇప్పండి. సూద్దాం."

నవ్వు ఆగింది. కుళాయి కట్టేసినట్టు ఆగింది.

"ఇప్పండి గుంటల్లారా. నాను ఇప్పేను కదా."

బెంచీల కింద కాళ్ళు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ముందుగా ఒక ముసలి డ్రిల్లు ఆపరేటరు, ఎప్పుడూ నోరు విప్పని హల్బీ మాట్లాడే ఆయన, వంగి బూటు లాగాడు. నాలుగు గోళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయి. ఆయన వాటిని చూపించి సిగ్గుగా నవ్వాడు. పక్కనున్న ఆయన విప్పాడు. తర్వాత ఇంకొకరు. వరండా నిండా ఆరని మేజోళ్ళ వాసన. సగం బెంచీ పచ్చగోళ్ళే. లోపలి నుంచి తెర తీసి చూసిన బోర్డు పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మా డాక్టరుగారితో, "సాబ్, మందు ఎక్కువ తెప్పించండి," అన్నారు.

ఆపరేటరుగారు అందరి కాళ్ళూ ఒక్కొక్కటే వంగి చూస్తూ, గోరు ఎలా గీయాలో తెలుగులోనూ వచ్చీరాని హిందీలోనూ చెప్పడం మొదలెట్టారు. అంతా చెప్పి, "ఇంట్లో ఆడోళ్ళ డబ్బాలో మాత్రం పెట్టకండి," అన్నారు.

మందు పని చేయాలంటే సీసాలో ఏముందో రోగికి తెలిస్తే చాలదు, ఇంట్లో వాళ్ళకీ తెలియాలి. సిగ్గు కూడా ఒక రకం బూజే, చీకట్లో తడిలో పెరుగుతుంది. ఇలాంటి మాటలు నేను రిటైరయ్యాక నేర్చుకున్నాను. ఆ రోజు మాత్రం నాకు తెలిసిందల్లా మర్నాడు కిటికీ దగ్గర పని ఎక్కువుంటుందని.

ఉంది. తెరిచేసరికి వరస వరండా దిగి వానలోకి పోయింది. అందరికన్నా ముందు నిలబడింది నిన్న అందరికన్నా ముందు నవ్విన కుర్ర డంపరు డ్రైవరే. చీటీ నా ముందు పెట్టి, పైకప్పు వంక చూస్తూ గొణిగాడు.

"మేడమ్, ఇది నాక్కాదండి. మా ఆవిడికి."

నేను చాలా గంభీరంగా రిజిస్టరు తెరిచి, కలం తీసుకుని అడిగాను.

"ఆవిడ బూటు సైజెంత?"

వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తొమ్మిదండి," అన్నాడు.